హోటల్ కాలిఫోర్నియాలో రెగే ఎక్కడుంది?

#1 · తీగలు_ఆరు
రిహార్సల్‌లో గొడవ పడి వచ్చి రాస్తున్నా. మేం ప్రతి కాలేజీ ఫెస్ట్‌లోనూ హోటల్ కాలిఫోర్నియా వాయిస్తాం. వాయించకపోతే జనం స్టేజీ దిగనివ్వరు. ఈగిల్స్ వాళ్లు ఆ పాట డెమోకి మొదట పెట్టుకున్న పేరు "మెక్సికన్ రెగే" అని మా డ్రమ్మర్ ఎక్కడో చదివాడట. ఇక రెండు గంటలు దాని మీదే వాదన. నాకైతే అందులో రెగే ఒక్క చుక్క కూడా వినపడదు. రెగే అంటే జమైకా, బాబ్ మార్లే, జడలు కట్టిన జుట్టు, మూడు రంగుల టీషర్టు. అమెరికన్ రాక్ వాళ్ల మీద రెగే ప్రభావం నిజంగా ఉందా, ఫ్యాన్స్ అల్లిన కథా? తెలిసినవాళ్లు చెప్పండి.

#2 · బేస్_బాబీ
పేరు నిజమే బ్రో. ఆ ట్యూన్ డాన్ ఫెల్డర్ ఇంట్లో డెమోగా చేసిచ్చాడు, విన్నాక బ్యాండ్ వాళ్లే దాన్ని "మెక్సికన్ రెగే" అని పిలుచుకున్నారు.

నీకు వినపడకపోవడానికి కారణం ఒకటి అనుకుంటున్నా. మన దగ్గర అందరూ నేర్చుకునేది 1994 నాటి అకూస్టిక్ లైవ్ వెర్షన్. అందులో రెగే వెతికితే దొరకదు. 1976 స్టూడియో రికార్డు పెట్టు. హెడ్‌ఫోన్స్‌లో విను. పాడేవాడిని, సోలోని మర్చిపో. బేస్ మీద, వెనకున్న గిటార్ మీద మాత్రం చెవి పెట్టు. రాండీ మైస్నర్ నాలుగు నోట్లు వేసి ఆగుతాడు, మళ్లీ వేస్తాడు, మళ్లీ ఆగుతాడు. ఆ ఖాళీలోకి గిటార్ బీటు మధ్యలో "చక్" అని తెగుతుంది. ఆ ఖాళీయే రెగే. మామూలు రాక్ బేసిస్టు అయితే అక్కడ చేయి ఊరుకోదు, ఏదో ఒకటి నింపేస్తాడు.

#3 · ధిమితకిట
నేను మృదంగం మనిషిని, గిటార్ సంగతి తెలియదు. ఒక సందేహం. ఇది మన అనాగత ఎత్తుగడ లాంటిదేనా? సమం దాటాక అందుకోవడం?

#4 · బేస్_బాబీ
కాదండీ. ఎత్తుగడ అంటే పాట తాళంలో ఎక్కడ మొదలవుతుందన్నది. రెగేలో సంగతి దెబ్బ ఎక్కడ పడుతుందన్నది. నాలుగు లెక్క పెట్టండి. ఒకటి మీద కిక్ డ్రమ్ ఉండదు. మూడు మీద కిక్, స్నేర్ రెండూ కలిసి పడతాయి. రెండు మీద, నాలుగు మీద గిటార్ తెగుతుంది. దీన్ని "వన్ డ్రాప్" అంటారు, అంటే ఒకటిని వదిలేయడం. మార్లే బృందం వేలర్స్ డ్రమ్మర్ కార్ల్టన్ బారెట్ దీనికి పెట్టింది పేరు. బేస్ వాళ్లన్న ఆస్టన్, అందరూ ఫ్యామిలీ మ్యాన్ అని పిలిచేవారు. రాక్, ఫంక్ వాళ్లకి ఒకటి అంటే ప్రాణం. జేమ్స్ బ్రౌన్ బ్యాండంతా ఆ ఒకటి మీద నిలబడి ఉంటుంది. సరిగ్గా అక్కడ నేల తీసేశారు జమైకా వాళ్లు.

#5 · ధిమితకిట
సమం మీద దెబ్బ లేకుండా అంతమందిని ఆడించడమంటే మాటలు కాదు. విన్నాను, అర్థమైంది. తల ఊపుతున్నాం గానీ ఎక్కడ ఊపుతున్నామో చెప్పలేం.

#6 · రికార్డుల_పెట్టె
బాబీ లయ సంగతి చక్కగా చెప్పారు. చరిత్ర నేను కొంచెం చెబుతా. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ప్రయాణం జమైకా నుంచి అమెరికాకి కాదు, అమెరికా నుంచి జమైకాకి. 1950ల్లో జమైకా రాజధాని కింగ్‌స్టన్ జనం రేడియోలో న్యూ ఆర్లీన్స్, మయామీ స్టేషన్లు పట్టుకుని ఫాట్స్ డామినో, లూయిస్ జోర్డాన్ పాటలు వినేవాళ్లు. వీధుల్లో సౌండ్ సిస్టమ్‌లు పెట్టి డ్యాన్సులు నడిపిన కాక్సన్ డాడ్, డ్యూక్ రీడ్ లాంటివాళ్లు అమెరికన్ ఆర్ అండ్ బీ రికార్డులు తెప్పించుకుని ఒకరితో ఒకరు పోటీ పడేవాళ్లు. అమెరికాలో జనం రాకెన్‌రోల్ వైపు మళ్లాక, వీళ్లకి కావలసిన తరహా రికార్డులు రావడం తగ్గింది. సరే, మనమే చేసుకుందాం అని మొదలుపెట్టారు. ఆ పాటల షఫుల్ లయలోని వెనక దెబ్బని ఇంకా గట్టిగా కొట్టారు, అది స్కా అయింది. తర్వాత వేగం తగ్గి రాక్‌స్టెడీ, 1968 ప్రాంతంలో రెగే. వేలర్స్ తొలి రికార్డులు వింటే కర్టిస్ మేఫీల్డ్ గారి ఇంప్రెషన్స్ బృందానికి ఎంత ఏకలవ్య శిష్యులో తెలుస్తుంది. 1977 నాటి "వన్ లవ్"కి రచయితలుగా మార్లే, మేఫీల్డ్ ఇద్దరి పేర్లూ ఉంటాయి.

కాబట్టి రెగే అమెరికాకి వచ్చినప్పుడు పరాయి సంగీతంగా రాలేదు. వాళ్ల సొంత సరుకే వేషం మార్చుకుని వచ్చింది.

అమెరికా చార్టుల్లో మొదటి పెద్ద దెబ్బ 1964లో. మిల్లీ స్మాల్ అనే జమైకా అమ్మాయి పాడిన "మై బాయ్ లాలిపాప్" రెండో స్థానం దాకా వెళ్లింది. అదీ 1956లో బార్బీ గే అనే అమెరికన్ అమ్మాయి పాడిన పాటే! 1969లో డెస్మండ్ డెకర్ "ఇజ్రాయిలైట్స్" మొదటి పదిలోకి వచ్చింది. కానీ రెండిటినీ అమెరికన్లు ఒక వింతగా విని మర్చిపోయారు. అసలు కథ 1972తో మొదలు.

#7 · హ్యూస్టన్_సుబ్బు
1972 అన్నారు కాబట్టి మా ఊరి మనిషి పేరు ముందు రావాలి పెట్టె గారూ! జానీ నాష్. హ్యూస్టన్‌లో పుట్టి, చర్చిలో పాడి పెరిగిన నల్లజాతి గాయకుడు. అప్పటికే ఖర్చు తక్కువని, సంగీతం కొత్తగా ఉందని జమైకా వెళ్లి రికార్డు చేసుకుంటున్నాడు. మార్లేని అమెరికాలో పైకి తేవాలని తిరిగిన తొలి మనుషుల్లో ఈయన, ఈయన భాగస్వామి డానీ సిమ్స్ ఉన్నారు. 1972 చివర్లో "ఐ కెన్ సీ క్లియర్లీ నౌ" నాలుగు వారాలు బిల్‌బోర్డ్ నంబర్ వన్. ఆ మరుసటి ఏడు ఆయన పాడిన "స్టిర్ ఇట్ అప్" 12వ స్థానం దాకా వెళ్లింది, రాసింది మార్లే. అంటే చాలామంది అమెరికన్లు మార్లే పేరు తెలియకముందే మార్లే పాట ఈలేశారన్నమాట.

ఇక్కడ కూడా ఈయన సంగతి ఎక్కువమందికి తెలియదు. 2020లో పోయారు.

#8 · నల్లకోటు
అందరూ చప్పట్లు కొడుతున్నారు కాబట్టి ఎదురు మాట నేను చెబుతా. జానీ నాష్ పాట పాప్ పాట. పైన రెగే తాళింపు వేశారు, అంతే. ఈగిల్స్‌దీ అంతే. ఒక రంగుని తీసుకోవడం ప్రభావం ఎలా అవుతుంది? లెడ్ జెప్లిన్ 1973లో ఒక రెగే పాట చేశారు, మర్నాడు మళ్లీ హార్డ్ రాక్‌కి వెళ్లిపోయారు. బ్లాండీ 1980లో "ది టైడ్ ఈజ్ హై" చేసి నంబర్ వన్ కొట్టారు. అది జాన్ హోల్ట్ రాసి 1967లోనే పారగాన్స్ పాడిన పాట అని కొన్నవాళ్లలో ఎంతమందికి తెలుసు? దీన్ని నేనైతే టూరిజం అంటా.

#9 · రికార్డుల_పెట్టె
నల్లకోటు గారూ, టూరిజం చాలానే జరిగింది, కాదనను. కానీ పాల్ సైమన్‌ని ఆ గాటన కట్టలేం.

ఆయన 1970లో సైమన్ అండ్ గార్ఫంకల్ చివరి ఆల్బమ్‌లో ఒక రెగే పాట ప్రయత్నించాడు, "వై డోంట్ యూ రైట్ మీ". లాస్ ఏంజిలిస్ స్టూడియో వాద్యకారులతో చేశాడు. ఆ ఊళ్లో వాళ్లని మించినవాళ్లు లేరు. అయినా తేలిపోయింది. నోట్లు అన్నీ ఉన్నాయి, నడక లేదు. ఆయనకే నచ్చలేదు. ఇది కాగితం మీద రాసిస్తే వచ్చే సంగీతం కాదని అర్థం చేసుకుని నేరుగా కింగ్‌స్టన్‌లోని డైనమిక్ సౌండ్స్ స్టూడియోకి వెళ్లాడు. జిమ్మీ క్లిఫ్ వెనక వాయించే వాళ్లనే కూర్చోబెట్టుకున్నాడు. గిటార్ హక్స్ బ్రౌన్, బేస్ జాకీ జాక్సన్, డ్రమ్స్ విన్‌స్టన్ గ్రెనన్. అప్పటికి చేతిలో సాహిత్యం కూడా లేదు. ముందు వాయిద్యం రికార్డు చేసుకుని, న్యూయార్క్ వచ్చాక మాటలు రాసుకున్నాడు. అదే "మదర్ అండ్ చైల్డ్ రీయూనియన్", 1972లో నాలుగో స్థానం. ఆ పేరు ఒక చైనీస్ హోటల్ మెనూలో కోడి, గుడ్డు కలిపి చేసిన వంటకానిది.

పెద్ద పేరున్న అమెరికన్ ఒకడు ఆ లయ కోసం ఆ మనుషుల దగ్గరికే వెళ్లాలని ఒప్పుకోవడం నా లెక్కలో తాళింపు కాదు. ఆ తర్వాత పాల్ సైమన్ 1986లో దక్షిణాఫ్రికా వాద్యకారులతో చేసిన ఆల్బమ్ పద్ధతి కూడా ఇదే. ముందు లయ, తర్వాత మాట. ఆ అలవాటు కింగ్‌స్టన్‌లో పడింది.

#10 · బేస్_బాబీ
దీనికి తిరగేసిన కథ కూడా ఉంది. వేలర్స్ "క్యాచ్ ఎ ఫైర్" (1973) ఆల్బమ్ కింగ్‌స్టన్‌లో రికార్డయ్యాక ఐలాండ్ రికార్డ్స్ యజమాని క్రిస్ బ్లాక్‌వెల్ టేపులు లండన్ తెచ్చాడు. రాక్ వినేవాళ్లకి ఎక్కాలంటే ఇంకొంచెం గిటార్, కీబోర్డ్ కావాలన్నాడు. అప్పుడు అక్కడున్న వేన్ పెర్కిన్స్‌ని పిలిచారు. అలబామా కుర్రాడు, మజిల్ షోల్స్ స్టూడియోల్లో ఆరితేరిన గిటారిస్టు. రెగే ఏమిటో తెలియదు పాపం. "కాంక్రీట్ జంగిల్" టేపు వేస్తే తాళంలో ఒకటి ఎక్కడుందో దొరకక తికమకపడ్డాడు. (ధిమితకిట గారూ, మీ సమం ఇక్కడ కూడా ఎగ్గొట్టారు.) దొరికాక ఒక సోలో వాయించాడు చూడండి! కీబోర్డ్ మీద టెక్సస్ వాడైన రాబిట్ బండ్రిక్. రెగేని ప్రపంచానికి పరిచయం చేసిన ఆల్బమ్‌లో వినపడే లీడ్ గిటార్ అమెరికన్ దక్షిణాదిది. ఇక ఎవరి ప్రభావం ఎవరి మీద అంటారు?

#11 · తీగలు_ఆరు
అది తెలియక మార్లే గిటారిస్టు వాయించాడనుకుని ఆ సోలో నేర్చుకున్నా 😄 మరి మార్లే పాట పాడిన గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ సంగతి? "ఐ షాట్ ద షెరిఫ్" వల్లే కదా అందరికీ తెలిసింది?

#12 · నల్లకోటు
క్లాప్టన్ ఇంగ్లిష్ మనిషి. చర్చ అమెరికన్ సంగీతం మీద.

#13 · రికార్డుల_పెట్టె
మనిషి ఇంగ్లిష్, రికార్డు మాత్రం అమెరికన్. మయామీ క్రైటీరియా స్టూడియోలో తీశారు. బేస్ కార్ల్ రేడిల్, డ్రమ్స్ జేమీ ఓల్డేకర్, ఇద్దరూ ఓక్లహోమాలోని టల్సా వాళ్లు. పాటని ముందుకు తెచ్చింది గిటారిస్టు జార్జ్ టెరీ. క్లాప్టన్‌కి దాన్ని బయటికి వదలడమే ఇష్టం లేదు, అసలుదానికి అన్యాయం చేశామేమోనని. 1974 సెప్టెంబరులో అమెరికాలో నంబర్ వన్ అయింది. ఆయన సొంత పేరుతో అక్కడ ఒకే ఒక్క నంబర్ వన్ అది. రెండేళ్ల తర్వాత ఈగిల్స్ వాళ్లు హోటల్ కాలిఫోర్నియా రికార్డు చేసింది కూడా ఆ క్రైటీరియాలోనే.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. నల్లజాతి వాడి పాటతో అంత పేరు తెచ్చుకున్న ఈ మనిషే 1976లో బర్మింగ్‌హామ్ స్టేజీ మీద తాగి వలసవాళ్ల మీద నోటికొచ్చినట్టు మాట్లాడాడు. దానికి జవాబుగానే బ్రిటన్‌లో రాక్ అగెనెస్ట్ రేసిజం ఉద్యమం పుట్టింది. సంగీతం నచ్చడం, మనుషులు నచ్చడం వేరు వేరని దీన్ని చూసే నేర్చుకున్నా.

#14 · సింధూర_ఎన్‌జే
మీరందరూ గిటార్ల చుట్టూ తిరుగుతున్నారు. పాల్ సైమన్, క్లాప్టన్, ఈగిల్స్, బ్లాండీ... వరసగా తెల్లవాళ్లే. నల్ల అమెరికన్లు ఏమయ్యారు?

ఇది నన్ను ఎప్పటినుంచో తొలిచే ప్రశ్న. 1970ల్లో అమెరికాలో రెగే విన్నది ఎక్కువగా కాలేజీ కుర్రాళ్లు, రాక్ జనం. జిమ్మీ క్లిఫ్ నటించిన జమైకా సినిమా "ద హార్డర్ దే కమ్" హార్వర్డ్ పక్కన కేంబ్రిడ్జ్‌లోని థియేటర్లో ఏళ్ల తరబడి అర్ధరాత్రి ఆటలు ఆడింది. వేలర్స్ 1973లో న్యూయార్క్‌లోని మాక్సెస్ కాన్సస్ సిటీ అనే క్లబ్బులో వాయించారు, అదే బిల్లు మీద బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్. తర్వాత ఫంక్ బృందం స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్‌కి ముందు వాయించే అవకాశం వస్తే కొన్ని షోలకే తీసేశారు. నల్లవాళ్ల రేడియోలు మార్లేని పెద్దగా పట్టించుకోలేదు. సోల్, ఫంక్, డిస్కో రాజ్యమేలుతున్న రోజులు. పాటలో ఆఫ్రికా గురించి, వాళ్ల గురించే చెబుతున్న మనిషికి వాళ్ల రేడియోలోనే చోటు లేదు.

మార్లేకి ఇది గట్టిగా తగిలింది. 1980 సెప్టెంబరులో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నల్ల అమెరికన్ సోల్ బృందం కమడోర్స్‌కి ముందు వాయించడానికి ఒప్పుకున్నది అందుకే. ప్రపంచమంతా స్టేడియంలు నింపుతున్న మనిషి ఇంకొకరికి ముందు ఆట ఆడాడు! ఆ షోల మర్నాడే సెంట్రల్ పార్కులో పరుగెడుతూ కుప్పకూలాడు. 23న పిట్స్‌బర్గ్‌లో చివరి కచేరీ. 1981 మే 11న మయామీలో పోయాడు.

#15 · హ్యూస్టన్_సుబ్బు
సింధూర గారూ, స్టీవీ వండర్ ఉన్నాడు కదా. 1975లో కింగ్‌స్టన్ వెళ్లి వేలర్స్‌తో ఒకే వేదిక మీద పాడాడు. 1980లో "మాస్టర్ బ్లాస్టర్" మార్లే కోసమే చేశాడు, పాటలో పేరు కూడా వస్తుంది. అది ఆర్ అండ్ బీ చార్టులో నంబర్ వన్. బ్లూస్ వాడు తాజ్ మహల్ (మన ఆగ్రాది కాదు, మనిషి పేరు) 1974లో "మో రూట్స్" అని ఆల్బమంతా ఆ దారిలోనే చేశాడు.

#16 · సింధూర_ఎన్‌జే
ఉన్నారు సుబ్బు అన్నా, కానీ వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. పెద్ద ప్రభావం ఇంకో దారిలో వచ్చింది, గిటార్ లేని దారి.

క్లైవ్ క్యాంప్‌బెల్ అనే కుర్రాడు కింగ్‌స్టన్‌లో సౌండ్ సిస్టమ్‌లు చూస్తూ పెరిగి 1967లో న్యూయార్క్ బ్రాంక్స్ వచ్చాడు. 1973 ఆగస్టు 11న 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అపార్ట్‌మెంటులో చెల్లెలు పెట్టిన పార్టీలో రికార్డులు వేశాడు. ఆ కుర్రాడే డీజే కూల్ హెర్క్. హిప్-హాప్ పుట్టినరోజుగా జనం జరుపుకునేది ఆ తేదీనే. పెద్ద స్పీకర్లు, మైకులో మాటలు, జనాన్ని ఆడించే డీజే. మొత్తం ఏర్పాటు జమైకా వీధిదే.

#17 · నల్లకోటు
హెర్క్ గారే ఒక ఇంటర్వ్యూలో జమైకా టోస్టింగ్‌కీ (రికార్డు మీద డీజే మైకులో లయగా మాటలు చెప్పడం) దీనికీ సంబంధం లేదని చెప్పారు. బ్రాంక్స్‌లో రెగే వేస్తే జనం ఆడేవాళ్లు కాదని కూడా అన్నారు. జేమ్స్ బ్రౌన్ రికార్డులే నడిచేవి. ర్యాప్ మాటకారితనం నల్ల అమెరికన్ రేడియో డీజేలది. అన్నిటికీ జమైకా ముద్ర కొట్టకండి.

#18 · సింధూర_ఎన్‌జే
టోస్టింగ్ విషయంలో ఆయన మాట కాదనడానికి నేనెవర్ని? నేను చెబుతున్నది రికార్డు ఏదన్నది కాదు. రికార్డుని ముడిసరుకుగా వాడుకోవచ్చన్న ఆలోచన. కింగ్ టబ్బీ, లీ పెర్రీ లాంటివాళ్లు పాటలోంచి గొంతు తీసేసి, డ్రమ్స్, బేస్ మిగిల్చి, ఎకో వేసి డబ్ అని కొత్త పాట చేశారు. ఒకే రిథమ్ ట్రాక్ మీద పదిమంది పాడటం అక్కడ మామూలు, దాన్ని "రిడిమ్" అంటారు. ఇవాళ ప్రొడ్యూసర్ ఒక బీట్ చేసి పెడితే దాని మీద ఎవరెవరో పాడే పద్ధతికి దగ్గరి చుట్టం అది.

ఇంకా సూటిగా కావాలంటే, 1989లో స్టీలీ అండ్ క్లీవీ అనే జమైకా జంట చేసిన "ఫిష్ మార్కెట్" రిడిమ్ మీద 2021లో అమెరికా కోర్టులో కేసు వేశారు. రెగెటోన్ అనే లాటిన్ డ్యాన్స్ సంగీతమంతటా వినపడే ఆ డెంబో తాళం మాదేనని. ప్రతివాదుల్లో లూయిస్ ఫోన్సీ, డాడీ యాంకీ ఉన్నారు. మన పెళ్లి డీజేలు 2017లో అరగదీసిన "డెస్పసీటో" వాళ్లదే.

#19 · నిర్వాహకుడు
తెలుగు సినిమా పాటల్లో రెగే గురించి ముగ్గురు రాసిన పోస్టుల్ని వేరే చర్చకి మార్చాను. అక్కడ "నా హీరో పాట కాపీ కాదు" గొడవ విడిగా నడుపుకోండి. ఇక్కడ అమెరికాకే పరిమితం అవుదాం.

#20 · బేస్_బాబీ
రాక్‌లోనే లోతైన ప్రభావం కావాలంటే పంక్ వైపు చూడాలి. వాషింగ్టన్ డీసీ బ్యాడ్ బ్రెయిన్స్. నలుగురు నల్ల కుర్రాళ్లు, జాజ్ ఫ్యూజన్‌తో మొదలెట్టి ప్రపంచంలో అతి వేగమైన పంక్ వాయించారు. మార్లే కచేరీ చూశాక ఆయన నమ్మిన జమైకా మతం రాస్తాఫారీ దారి పట్టారు. సెట్‌లో ఒక నిమిషం పిడుగులా కొట్టి, వెంటనే నెమ్మదైన రెగే వాయించేవాళ్లు. రెండిటినీ కలపలేదు, పక్కపక్కన పెట్టారు. అలా చేసే ధైర్యం కలిపేవాళ్లకి ఉండదు.

తర్వాత కాలిఫోర్నియా. బర్క్‌లీలో ఆపరేషన్ ఐవీ, అనహైమ్‌లో నో డౌట్, లాంగ్‌బీచ్‌లో సబ్లైమ్. సబ్లైమ్ పాటగాడు బ్రాడ్లీ నోవెల్ 1996 మేలో హెరాయిన్ వల్ల పోయాడు, రెండు నెలలకి ఆల్బమ్ వచ్చి దేశమంతా మోగింది. నో డౌట్ అయితే 2001లో "రాక్ స్టెడీ" అనే పేరుతోనే ఆల్బమ్ చేశారు, జమైకా వెళ్లి స్లై అండ్ రాబీతో పనిచేశారు. ఆ స్లై అండ్ రాబీ జంటనే 1983లో బాబ్ డిలాన్ "ఇన్‌ఫిడెల్స్"లో డ్రమ్స్, బేస్ వాయించింది. "జోకర్‌మ్యాన్" విను, డిలాన్ గొంతు కింద ఆ బేస్ ఎంత తీరిగ్గా నడుస్తుందో.

#21 · నల్లకోటు
బ్యాడ్ బ్రెయిన్స్ ఒప్పుకుంటా. డిలాన్ ఒప్పుకుంటా. కానీ దాని చివర ఎక్కడ తేలింది? 2022లో బెస్ట్ రెగే ఆల్బమ్ గ్రామీ వర్జీనియా బ్యాండ్ సోజాకి ఇచ్చారు. పోటీలో జమైకా వాళ్లు ఉండగా! 1985లో ఆ అవార్డు మొదలైనప్పుడు తొలిసారి అందుకున్నది కింగ్‌స్టన్ బ్లాక్ ఉహూరూ. నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే. తీసుకోవడం ఒక ఎత్తు, యజమాని కుర్చీలో కూర్చోవడం ఇంకో ఎత్తు.

#22 · రికార్డుల_పెట్టె
ఆ బాధ న్యాయమైనదే. కానీ కుర్చీ ఇచ్చింది ఓటు వేసినవాళ్లు, బ్యాండ్ కాదు. సోజా వాళ్లు చిన్నప్పటినుంచీ ఆ సంగీతమే వాయిస్తున్నారు.

ఎవరిది ఎవరు తీసుకున్నారన్నది ఎంత చిక్కుముడో చెప్పడానికి నాకిష్టమైన ఉదాహరణ "రెడ్ రెడ్ వైన్". న్యూయార్క్‌లో పుట్టిన నీల్ డైమండ్ 1967లో చేసిన దిగులు పాట. 1969లో జమైకా గాయకుడు టోనీ ట్రైబ్ దాన్ని రెగే చేశాడు. బ్రిటిష్ బ్యాండ్ యూబీ40 వాళ్లు ఆ రికార్డు విని పెరిగి, 1983లో తమ పద్ధతిలో చేశారు. లేబుల్ మీద "ఎన్. డైమండ్" అని చూసి ఎవరో జమైకా ఆయన అనుకున్నారట! 1988లో అది అమెరికాలో నంబర్ వన్. ఆ తర్వాత నీల్ డైమండ్ కచేరీల్లో తన పాటని తానే వీళ్ల రెగే పద్ధతిలో పాడటం మొదలెట్టాడు.

#23 · ధిమితకిట
పెట్టె గారూ, కొత్తగా వినేవాడికి ఏ వరసలో వినమంటారు? మా గురువుగారికి కూడా వినిపించాలి, ఆయన ఓపిక తక్కువ.

#24 · రికార్డుల_పెట్టె
గురువుగారి కోసమైతే ముందు పాల్ సైమన్ 1970 పాట, వెంటనే 1972 పాట. రెండిటి మధ్య తేడా ఆయనే పట్టుకుంటారు, మీరేం చెప్పక్కర్లేదు. తర్వాత "కాంక్రీట్ జంగిల్". బ్యాడ్ బ్రెయిన్స్ మాత్రం ఆయన ఊళ్లో లేనప్పుడు పెట్టుకోండి.

#25 · హ్యూస్టన్_సుబ్బు
మా టెక్సస్ వాడు ఇంకొకడు మిగిలాడు. కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ 2005లో "కంట్రీమ్యాన్" అని రెగే ఆల్బమ్ చేశాడు. టూట్స్ హిబ్బర్ట్‌తో కలిసి జానీ క్యాష్ దంపతుల పాట ఒకటి పాడాడు. క్యాష్‌కి మాంటెగో బే దగ్గర ఇల్లుండేది కూడా. ఆల్బమ్ అట్ట మీద గంజాయి ఆకులు. వాల్‌మార్ట్‌లో అమ్మడానికి మాత్రం ఆకులు తీసేసి కొబ్బరిచెట్టు లాంటి తాటిచెట్ల బొమ్మ వేశారు. నా దగ్గరున్నది చెట్ల అట్టే. ఆకుల అట్టది ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, కొంటా.